ఇల్లు ముందా, కాలువ ముందా?

ప్రశ్న: వాన పడితే మా కాలనీలో మురుగునీళ్లు గుమ్మం దాకా వస్తున్నాయి. ఇళ్లన్నీ కట్టేశాక ఇప్పుడు కాలువ తవ్వుతున్నారు. పాతకాలంలో ఊళ్లకు ప్లాన్ ఉండేదా సార్?
– ఒక గృహిణి, కాకినాడ

జవాబు: ఉండేదమ్మా. గుజరాత్‌లోని లోథల్‌లో కళ్లారా చూశాను. నాలుగు వేల ఏళ్లు దాటిన హరప్పా కాలపు ఊరది. పురావస్తు శాస్త్రవేత్త ఎస్.ఆర్. రావు బృందం 1955లో అక్కడ తవ్వకాలు మొదలుపెట్టింది. స్నానపు అరుగులు వరుసగా ఉన్నాయి. వాటి నీళ్లన్నీ ఒకే కాలువలోకి వెళ్లేలా కట్టారు. నీళ్లు తగిలేచోట కాల్చిన ఇటుకే వాడారు. గొంతుకూర్చుని చూస్తే ఇటుకకీ ఇటుకకీ మధ్య సందు కనపడలేదు. ఎంత ఓపికో! ఆ ఇటుకల మందం, వెడల్పు, పొడవు 1:2:4 లెక్కలో ఉంటాయి. వరద భయంతో ముందు ఎత్తయిన మట్టి ఇటుకల దిమ్మెలు కట్టి, వాటిమీద ఇళ్లు లేపారు.

అంటే వాలు, కాలువ ముందు, ఇల్లు తర్వాత. మీ దగ్గర అది తలకిందులైంది. మీరు టెన్షన్ పడుతూ కూర్చోకండి. కాలనీవాళ్లంతా కలిసి, కాలువ తవ్విస్తున్నవాళ్ల దగ్గరికి వెళ్లి, కాలువ వాలు ఎటో, చివరికి ఎందులో కలుస్తుందో డ్రాయింగ్ చూపించమని అడగండి. కాంక్రీటు పడకముందే అడగాలమ్మా.