గీజరు లైను చివర సన్న వైరు కలిపితే కరెంటు తగ్గుతుందా?

మీరు అడిగింది ఇదీ: విశాఖ మధురవాడ ఫ్లాట్‌లో 3 కిలోవాట్ల గీజరుకు డి.బి. (ఇంట్లో కరెంటు పంచే స్విచ్చుల పెట్టె) నుంచి 4 స్క్వేర్ (రాగి అడ్డుకోత 4 చదరపు మిల్లీమీటర్లు) వైరు వచ్చింది. జంక్షన్ బాక్స్ నుంచి ప్లగ్గు దాకా మిగిలిన 2 మీటర్లకు మాత్రం 1 స్క్వేర్ వైరు చుట్టి కలిపారు. సన్న వైరులో కరెంటు తగ్గిపోతుందా, "రెండు మీటర్లే కదా, ఏం కాదు" అన్న మాట నిజమేనా అని.

కరెంటు తగ్గదండి. దారి ఒకటే, మధ్యలో పక్కకు పోయే చోటు లేదు, కాబట్టి లావు వైరులో ఎన్ని ఆంపియర్లో సన్న వైరులోనూ అన్నే. 3000 వాట్లను 230 వోల్టులతో భాగిస్తే 13 ఆంపియర్లు. సన్న ముక్క ముందున్నా చివరన ఉన్నా ఇదే లెక్క. మారేది ఎలక్ట్రాన్లు కదిలే వేగం: 13 ఆంపియర్లకు 4 స్క్వేర్ రాగిలో సెకనుకు సుమారు 0.24 మిల్లీమీటర్లు, 1 స్క్వేర్‌లో దానికి నాలుగింతలు. మన సప్లై ఏసీ కనుక అవి ముందుకూ వెనక్కూ ఊగుతాయి గానీ నిష్పత్తి అదే.

అసలు తేడా వేడిలో ఉంది. 1 స్క్వేర్ రాగి వైరుకు మీటరుకు 0.018 ఓములు, 4 స్క్వేర్‌కు 0.0046 ఓములు. కరెంటు వర్గాన్ని ఓములతో గుణిస్తే 4 స్క్వేర్‌లో మీటరుకు 0.8 వాట్లు, సన్నదాంట్లో 3 వాట్లు. సన్న వైరుకు ఆ వేడిని బయటికి వదిలే ఉపరితలం కూడా తక్కువే. ఇక్కడే "రెండు మీటర్లే కదా" అన్న మాట తప్పు దారి పట్టిస్తుంది. పొడవు తగ్గితే మొత్తం వోల్టేజి నష్టం తగ్గుతుంది, నిజమే. కానీ వైరు ఎంత వేడెక్కుతుందన్నది మీటరుకు పుట్టే వేడిని బట్టి ఉంటుంది. 2 మీటర్ల ముక్క అయినా 20 మీటర్ల వైరు అయినా మధ్యలో కాగేది ఒకేలా.

పైకి ఏ లక్షణమూ కనిపించకపోవడమే దీనితో చిక్కు. ఆ ముక్కలో ఫేజ్, న్యూట్రల్ కలిపి పోయేది 1 వోల్టు కూడా ఉండదు. నీళ్లు మామూలుగానే కాగుతాయి, బిల్లులో తేడా తెలియదు. పైపులో వేసిన 1 స్క్వేర్ వైరు భద్రంగా మోయగలిగేది సుమారు 11 ఆంపియర్లే, అయినా 13 దగ్గర అది ఒక్కరోజులో కాలిపోదు. పి.వి.సి. తొడుగు 70 డిగ్రీల దాకా తట్టుకునేలా చేసినది. ఎండాకాలం శ్లాబులోని పైపు లోపల ముందే వేడి ఉంటుంది, ఆ మీద ఇది. నెమ్మదిగా తొడుగు గట్టిపడి, వంచితే పగిలే స్థితికి వస్తుంది.

ఎం.సి.బి. (కరెంటు మితిమీరితే తనంతట తానే పడిపోయే స్విచ్చు) కాపాడుతుందనుకోకండి. మీ లైనుకు ఉన్నది 20 ఆంపియర్లది, అది 4 స్క్వేర్‌ను చూసి పెట్టినది. 20 ఆంపియర్ల ఎం.సి.బి. 22 ఆంపియర్ల దగ్గర గంటసేపు అయినా పడకపోవచ్చు. అంత కరెంటు పోతే సన్న వైరులో మీటరుకు 8 వాట్లు దాటుతాయి. లైనులో అన్నిటికన్నా సన్న వైరు ఏదో దాన్ని బట్టి ఎం.సి.బి. ఉండాలి.

వైరు కన్నా నేను ఎక్కువ భయపడేది ఆ చుట్టుడు జాయింటుకు. బిగువు తగ్గి అక్కడ 0.1 ఓము చేరిందంటే 13 ఆంపియర్లకు 17 వాట్లు ఒకే చుక్కలో పుడతాయి. చిన్న సోల్డరింగ్ ఐరన్‌కు దగ్గర వేడి అది, టేపు కింద. విశాఖలో ఉప్పు తేమ గాలికి రాగి పచ్చబడుతుంది, జాయింటు నిరోధం ఇంకా పెరుగుతుంది. బీచ్ వైపు ఇళ్లలో దీన్ని అసలు వదిలేయకూడదు.

ముందుగా తెలుసుకోవలసింది అది నిజంగా 1 స్క్వేరేనా అని. ఎం.సి.బి. దించి, టెస్టర్‌తో ఫేజ్, న్యూట్రల్ రెండూ చూసి, సాకెట్ విప్పండి. తొడుగు మీద ప్రింటు కనపడకపోతే పోగులు లెక్కపెట్టండి. 0.3 మిల్లీమీటర్ల పోగులైతే 1 స్క్వేర్‌కు 14, ఒకటిన్నరకు 22, రెండున్నరకు 36, 4 స్క్వేర్‌కు 56 ఉంటాయి. సాకెట్ స్క్రూలో పట్టడం లేదని కొన్ని పోగులు కత్తిరించేసి ఉంటే అదీ సన్న వైరు కిందే లెక్క.

మార్పు పెద్ద పనేం కాదు. జంక్షన్ బాక్స్ నుంచి సాకెట్ దాకా పాత ముక్కకే కొత్త 4 స్క్వేర్ కట్టి లాగించండి, ఐ.ఎస్.ఐ. మార్కు రాగిదే. పైపు ఇరుకై 4 స్క్వేర్ దూరకపోతే రెండున్నర సరిపోతుంది, కానీ అప్పుడు ఎం.సి.బి. మార్చి 16 ఆంపియర్లది పెట్టాలి. ఇంకో 1 స్క్వేర్ తోడు వేసి రెండూ కలిపేద్దామంటే ఒప్పుకోకండి: ఒకదాని స్క్రూ వదులైతే కరెంటంతా రెండోదాని మీద పడుతుంది, మీకు తెలియదు. బాక్సులో కలిపేచోట చుట్టి టేపు వేయకుండా సరైన సైజు క్రింప్ స్లీవ్ (వైర్ల మీద నొక్కి బిగించే లోహపు గొట్టం) గానీ స్క్రూ కనెక్టర్ గానీ పెట్టించండి. ఎర్త్ వైరు కూడా తెగకుండా కొనసాగుతోందో లేదో అప్పుడే చూడండి.

పని అయ్యాక గీజరు 20 నిమిషాలు నడిపి, స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి పిన్నులు తాకండి. గోరువెచ్చగా ఉంటే మామూలే. వేలు ఉంచలేనంత కాలుతుంటే వైరు మార్చినా సాకెట్ లోపలి పట్టు వదులైందని అర్థం, సాకెట్ కూడా మార్చేయండి. నెల తర్వాత ఎం.సి.బి. దించి స్క్రూలన్నీ ఒకసారి బిగించి చూడండి, పోగుల వైరు నలిగి కొత్తలో కాస్త వదులవుతుంది.