మడిగె కొనడమా, ప్లాటు కొనడమా?

ప్రశ్న: ఖమ్మంలో 14 ఏళ్లుగా అద్దె మడిగెలో హార్డ్‌వేర్, శానిటరీ సామాను దుకాణం నడుపుతున్నాను. అద్దె నెలకు 22,000 రూపాయలు, ఒప్పందం 11 నెలలకోసారి తెల్లకాగితం మీద రాసుకుంటాం. దుకాణంలో ఎప్పుడూ 20 లక్షల సరుకు ఉంటుంది. అది ఏడాదికి ఐదుసార్లు తిరుగుతుంది, కొన్న ధర మీద 12 శాతం మిగులుతుంది. టోకు వర్తకులు నెల అరువు ఇస్తారు, వెంటనే కడితే 2 శాతం తగ్గిస్తారు. దాచుకున్న 30 లక్షలు చేతిలో ఉన్నాయి. యజమాని మడిగెను 70 లక్షలకు కొనమంటున్నారు, లేదంటే వేరేవారికి అమ్ముతామంటున్నారు. మా బావమరిది మాత్రం హైదరాబాద్ దగ్గర ప్రభుత్వం కడతామంటున్న ఫ్యూచర్ సిటీ వైపు వేస్తున్న వెంచర్‌లో ప్రీ-లాంచ్ ధరకు, అంటే అమ్మకాలు అధికారికంగా మొదలుకాకముందు ఇచ్చే ధరకు, మొత్తం ఇప్పుడే కట్టి ప్లాట్లు తీసుకోమంటున్నాడు. ఏది మంచిది?

జవాబు: మీ ఉత్తరంలో మీరు అడగకుండా వదిలేసిన అవకాశం ఒకటి ఉంది, ముందు దాని సంగతి చూద్దాం. మీరు ఏడాదికి దాదాపు కోటి రూపాయల సరుకు, అంటే నెలకు సుమారు 8.33 లక్షల సరుకు అరువు మీద కొంటున్నారు. దాచుకున్న డబ్బులో ఆ 8.33 లక్షలను అరువు మానడానికి వాడితే, ఆ 2 శాతం తగ్గింపు వల్ల ఏటా 2 లక్షలు మిగులుతాయి, అది 24 శాతం రాబడితో సమానం. ఇందులో భూమి ధర పెరగాలని ఎదురుచూడటం గానీ, పట్టణం ఎటు విస్తరిస్తుందోనని ఊహించడం గానీ ఉండదు. సొంత వ్యాపారంలోనే ఇంత రాబడి ఉన్నప్పుడు మిగతా ఆస్తులన్నీ దాని తరువాతే రావాలని నా అభిప్రాయం.

ఇక మడిగె సంగతి. ఏడాదికి మీరు కట్టే అద్దె 2,64,000 రూపాయలు, అంటే 70 లక్షల మీద 3.8 శాతం కూడా లేదు. యజమానికి ఆ మడిగె మీద వస్తున్నది బ్యాంకు డిపాజిట్ వడ్డీకంటే తక్కువన్నమాట, కాబట్టి ఇతరులు కూడా 70 లక్షలు ఇవ్వడానికి అంత తొందరపడరు. రిజిస్ట్రేషన్, స్టాంపు ఖర్చులు 7.5 శాతం కలిపితే మొత్తం 75 లక్షలు దాటుతుంది. మీరు 20 లక్షలు పెట్టుకుని మిగతా 55 లక్షలకు 10 శాతం వడ్డీతో 15 ఏళ్ల అప్పు తీసుకుంటే నెల వాయిదా 59,000 రూపాయలు అవుతుంది. మీకు సరుకు మీద మిగిలేది నెలకు లక్ష, అందులోంచే జీతాలు, కరెంటు బిల్లు, ఇంటి ఖర్చు పోవాలి కనుక ఇది మోయలేని బరువు. అదే మడిగె ధర బేరంలో 55 లక్షలకు దిగితే లెక్క మారుతుంది: అప్పు 39 లక్షలకు, వాయిదా 42,000కు తగ్గుతుంది. అందులో 22,000 ఎలాగూ కడుతున్న అద్దె, మరో 16,000 పైచిలుకు నగదు కొనుగోలు తగ్గింపు రూపంలో వస్తుంది. అప్పుడు కొనండి. భవనం విలువ మీద ఆదాయపు పన్ను లెక్కల్లో ఏటా 10 శాతం తరుగుదల కూడా చూపుకోవచ్చు, నేల విలువ మీద మాత్రం అది రాదు.

బేరం దిగకపోతే కొనడం మానేసి, ఇంకో పని చేయించుకోండి. మిమ్మల్ని నిజంగా భయపెడుతున్నది మడిగె చేతులు మారితే 14 ఏళ్ల గిరాకీ ఏమవుతుందోనన్నదే కదా! ఏడాది దాటిన లీజు రిజిస్టరు చేస్తేనే చెల్లుతుంది. లేని పక్షంలో అది నెలవారీ అద్దెగానే లెక్కకు వచ్చి, సాధారణంగా 15 రోజుల నోటీసుతో ఖాళీ చేయమనే వీలుంటుంది. కనుక తొమ్మిదేళ్ల లీజు రాయించుకుని, అద్దె ఎంత చొప్పున పెరగాలో, అమ్మదలచినప్పుడు మిమ్మల్నే మొదట అడగాలనే షరతునూ అందులో చేర్చి రిజిస్టరు చేయించండి. యజమాని మారినా కొత్తవారు ఆ లీజుకు కట్టుబడాల్సిందే. స్టాంపు ఖర్చు కొంత అవుతుంది, అయినా 55 లక్షల అప్పుతో పోలిస్తే అదేపాటిది?

ప్లాట్ల గురించి నేను ఎక్కువ చెప్పను. 500 చదరపు మీటర్లు దాటిన భూమిలో వేసే వెంచర్‌ను రెరాలో, అంటే స్థిరాస్తి వ్యాపారాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థలో, నమోదు చేయకుండా ప్రచారం చేయడమే చట్టవిరుద్ధం. అమ్మకపు ఒప్పందం రిజిస్టరు కాకముందు ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. మొత్తం ముందే కట్టమంటున్నారంటే ఆ నియమం అక్కడే తప్పింది. పైగా ఇలాంటి చోట్ల ధర ప్రభుత్వాల నిర్ణయాలను బట్టి ఉంటుంది. అమరావతికి 2015 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది, 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చింది, పనులను తిరిగి ప్రారంభించింది 2025 మేలో. ఆ నడుమ అక్కడ స్థలాలు కొని అప్పు వాయిదాలు కట్టినవారిని ఒకసారి అడిగి చూడండి. మీ బావమరిదిని నొప్పించకుండా రెరా నంబరు అడగండి. అది వచ్చేదాకా డబ్బు ఇవ్వలేనని చెప్పవచ్చు.

ప్రశ్న: అమెరికాలో ఉంటున్న మా తమ్ముడు డబ్బు పంపుతాను, ఊరి దగ్గర రెండెకరాల పొలం నా పేరున కొనమంటున్నాడు. ఇబ్బంది ఉంటుందా?

జవాబు: ప్రవాస భారతీయులు మన దేశంలో వ్యవసాయ భూమి కొనడానికి విదేశీ మారక నిబంధనలు ఒప్పుకోవు, వారసత్వంగా రావచ్చు. పేరు మీది, భూమి నిజానికి తనది అనుకుంటే బినామీ చట్టం పరిధిలోకి వచ్చే ప్రమాదం ఉంది. తమ్ముడు అన్నకు డబ్బును బహుమతిగా ఇవ్వడానికి అభ్యంతరం లేదు, దగ్గరి బంధువు ఇచ్చినది కనుక దాని మీద పన్నూ పడదు. అయితే అప్పుడు పొలం పూర్తిగా మీదే అవుతుంది, రేపు తనకు కావాలంటే అడగలేడు. ఈ మాట ఇప్పుడే తమ్ముడికి చెప్పండి. తనకు ఆస్తి కావాలనుకుంటే అనుమతులున్న ఇంటి స్థలమో, మడిగెయో తన పేరునే కొనుక్కోవచ్చు.