పాఠకుల ప్రశ్నలు: ‘పేల్ ఫ్లవర్’లో ఆడేది ఏ జూదం?

ప్రశ్న: షినోదా మసహిరో తీసిన జపాన్ సినిమా ‘పేల్ ఫ్లవర్’ (1964) చూశాను. జైలు నుంచి వచ్చిన మురాకి, సయెకో అనే అమ్మాయి కలిసి ఆడే జూదం ఏమిటో బోధపడలేదు. అది తెలియకపోతే సినిమాలో ఏమైనా పోగొట్టుకున్నట్టేనా? (గుంటూరు పాఠకుడు)

జవాబు: చాలా పోగొట్టుకుంటారు. ఆ ఆట పేరు తెహోంబికి. ఆడించేవాడి దగ్గర 1 నుంచి 6 దాకా ఆరే ముక్కలుంటాయి. వాటిని ఎవరికీ కనపడకుండా కలిపి, ఒకటి తనే ఎంచుకుని, మడత గుడ్డ కింద పెడతాడు. అది ఏ అంకె అన్నది ఊహించి మిగతావాళ్లు తమ ముక్కలు బోర్లా పెట్టి డబ్బు కాస్తారు. ఒక్క అంకె మీదే కాస్తే తగలడం కష్టం, తగిలితే రాబడి ఎక్కువ. నాలుగు అంకెల దాకా కాయొచ్చు, అప్పుడు రాబడి తగ్గుతుంది.

మన లోపలా బయటాలో ముక్క ఎటు పడుతుందో పంచేవాడికీ తెలియదు. ఇక్కడ వాడికి తెలుసు. కాబట్టి పందెమంతా ఎదుటి మనిషి మనసు మీదే. అతని ముందు వరసగా ఉండే ఆరు చెక్క బిళ్లలు ఇంతకుముందు ఏ అంకెలు ఏ వరసలో వచ్చాయో చూపిస్తాయి. వచ్చిన అంకెనే మళ్లీ ఎంచుకుంటాడా, చాలాసేపు రానిదానికి పోతాడా అన్నది ఆ వరస చూసి పసిగట్టాలి. పందేలు ముగిశాక అతను ముందు ఒక బిళ్ల జరుపుతాడు, ఆ తర్వాతే గుడ్డ తీస్తాడు. ఈసారి చూసేటప్పుడు ముక్కల్ని వదిలేసి, బిళ్ల కదిలిన క్షణంలో సయెకో (కాగా మరికో) కళ్లు చూడండి.

చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకోండి. సంగీత దర్శకుడు తకెమిత్సు తోరు ముక్కల చప్పుడులో ట్యాప్ డ్యాన్స్ అడుగుల శబ్దం కలిపాడు. ఫోన్ స్పీకర్లో అది వినపడదు. బొమ్మను తెర నిండా సాగదీసే జూమ్ కూడా నొక్కవద్దు. ఇది బాగా వెడల్పు బొమ్మ, జూమ్ చేస్తే అంచుల్లో కూర్చున్న ఆటగాళ్లు తెగిపోతారు.

ప్రశ్న: మూడేళ్లు జైల్లో ఉండి వచ్చిన మురాకికి ఆశగానీ పగగానీ ఎందుకుండవు? (వరంగల్ పాఠకురాలు)

జవాబు: ఎవరి కోసం, ఎవరి మీద? అతను చంపింది అవతలి ముఠా మనిషిని. తిరిగొచ్చేసరికి ఒసాకా ముఠా టోక్యోలోకి చొరబడుతుంటే, అతని ముఠా, ఆ అవతలి ముఠా ఒక్కటైపోయాయి. అంటే ఆ హత్యకూ, ఆ జైలుకూ అర్థమే లేకుండా పోయింది. మురాకిగా నటించిన ఇకెబె ర్యో ఈ సంగతిని ఎక్కడా కేకలు వేసి చెప్పడు. భుజాలు వాల్చి నడిచే తీరులోనే అంతా ఉంటుంది. గుడ్డ తీసే ముందు ఊపిరి బిగపట్టే ఆ కాసేపే అతనికి బతికున్నట్టు అనిపిస్తుంది. సయెకోకూ అంతే, కాకపోతే ఆమెకు అది చాలదు.

ప్రశ్న: ఇవాళ జపాన్‌లో జైలు నుంచి వచ్చిన యకూజా (నేర ముఠా మనిషి) పరిస్థితి కూడా అంతేనా? (అదే పాఠకురాలు)

జవాబు: ఇవాళ్టి ఇబ్బంది వేరు. ముఠాలను కట్టడి చేసే చట్టం 1992లో అమల్లోకి వచ్చింది. ముఠాలతో లావాదేవీలు పెట్టుకోవద్దని వ్యాపారులను కట్టడి చేసే స్థానిక నిబంధనలు 2011 నాటికి దేశమంతా వచ్చాయి. ముఠా వదిలేసినా సాధారణంగా ఐదేళ్ల దాకా ముఠా మనిషిగానే లెక్క. బ్యాంకు ఖాతా, సొంత పేరు మీద ఫోన్, అద్దె ఇల్లు దొరకడం గగనం. ఖాతా లేకపోతే జీతం వేసే దారి ఉండదు, ఉద్యోగమూ నిలవదు. దీన్ని సూటిగా చూపించేది ‘ఎ ఫ్యామిలీ’ (2021): 14 ఏళ్ల శిక్ష తర్వాత 2019లో బయటికొచ్చినవాడి కథ. దాంతోపాటు నిషికావా మివా తీసిన ‘అండర్ ది ఓపెన్ స్కై’ కూడా చూడండి. అందులో యకుషో కోజి పాత్ర 13 ఏళ్ల తర్వాత బయటికొచ్చి, చెల్లకుండా పోయిన డ్రైవింగ్ లైసెన్సు తిరిగి తెచ్చుకోవడానికి పడే అవస్థ ఏ కాల్పుల దృశ్యానికీ తీసిపోదు.