సైప్రస్‌లో పొలాలు నడిచే సర్వే: డ్రోన్లు వచ్చాక దానికి భవిష్యత్తు ఉందా?

ఎంఏ ఆర్కియాలజీ చదువుతున్న మీకు సైప్రస్‌లో వేసవి సర్వేకి వెళ్లే అవకాశం వచ్చిందని, తవ్వకమే లేని చోట ఏం నేర్చుకుంటామని, డ్రోన్లూ ఉపగ్రహాలూ ఉండగా ఎండలో నడవడం దేనికని అడిగారు. నేను యూకేలో మాస్టర్స్ చేస్తున్నప్పుడు ఆ ద్వీపంలోనే, ట్రోడోస్ కొండల ఉత్తరపు వాలుల కింద, ఒక యూనివర్సిటీ సర్వేలో పనిచేశాను. తప్పకుండా వెళ్లండి. ఎందుకో వివరంగా చెప్తాను.

ఈ సర్వే అంటే తవ్వకుండా, నేల మీద కనిపించే పాత కుండపెంకుల్ని బట్టి ఒకప్పుడు మనుషులు ఎక్కడ ఉండేవాళ్లో తెలుసుకోవడం. ముందు పని ఎలా ఉంటుందో చూడండి. ఐదారుగురం మనిషికీ మనిషికీ ఐదు మీటర్ల ఎడంతో పొలం గట్టు దగ్గర వరసగా నిలబడతాం. చూపు నేల మీదే పెట్టి నెమ్మదిగా అవతలి గట్టు దాకా నడుస్తాం. చేతిలో ఒక చిన్న కౌంటర్ ఉంటుంది, కుండపెంకు కనిపించినప్పుడల్లా ఒక నొక్కు. అంచు, పిడి, అడుగుభాగం, పూత ఉన్న ముక్క, ఇలా కాలం చెప్పగలిగేవి మాత్రం ఏరి సంచిలో వేస్తాం. సంచి మీద పొలం నంబరు, వరస, తేదీ రాస్తాం. పొలం అయిపోగానే ఫారం నింపాలి: నేల ఎంత శాతం కనిపిస్తోంది, దున్నారా, కోత మోడు ఉందా, ముళ్లపొదలు ఎంత మేర, ఎండ ఎటు నుంచి పడుతోంది. కొత్తవాళ్లకి ఈ ఫారం విసుగు పుట్టిస్తుంది. నా దృష్టిలో మొత్తం సర్వేలో విలువైన కాగితం అదే.

ఒక ఉదాహరణ. బార్లీ కోసేసిన పొలం ఒకటి నడిచాం. మోడూ గడ్డీ కప్పేసి ఉన్నాయి, మొత్తం వరసకి నాలుగైదు పెంకులు కూడా రాలేదు. గట్టు దాటితే పక్క పొలం కొత్తగా దున్ని ఉంది. నా ఒక్క వరసలోనే యాభై దాటాయి. వాటిలో ఎర్రని పూతతో, అంచు కింద సన్నటి గీతల వరసలు నొక్కిన పళ్లెం ముక్కలున్నాయి. రోమన్ కాలం చివర్లో ఆ ద్వీపంలో విరివిగా వాడిన రకం. ఒక్క లెక్కే చూస్తే పాత ఊరు గట్టు దగ్గర ఆగిపోయిందని మ్యాపు గీసేస్తాం. నిజానికి అక్కడ ఆగింది నాగలి. ఫారంలో ‘ఇరవై శాతం’, ‘తొంభై శాతం’ అని రాసి ఉండబట్టే రెండు లెక్కల్నీ పక్కపక్కన పెట్టి సరిచూడగలిగాం.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఇళ్ల ఆనవాళ్లేమీ లేని పొలాల్లో కూడా పల్చగా పెంకులు పరుచుకుని ఉంటాయి. ఇవి ఎక్కడివన్న చర్చ మధ్యధరా సర్వేల్లో దశాబ్దాలుగా నడుస్తోంది. ఇళ్ల చెత్తా పేడా పెంటకుప్పలో కలిసి, ఎరువుతో పాటు చేలకి చేరాయన్నది ఒక వాదన. మన దగ్గర రైతులు పాటిదిబ్బల (పాత ఊళ్లు మిగిల్చిన మట్టి దిబ్బల) నుంచి పాటిమన్ను తోలుకెళ్లి చేలల్లో చల్లడం తెలిసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. మేమున్న ఊళ్లో ఒక పెద్దాయన, తన చిన్నప్పుడు పెరటి కుప్పని గాడిదల మీద పొలానికి చేరవేసేవాళ్లమని చెప్పాడు. అయితే పెంకులన్నీ ఎరువుతోనే వచ్చాయనీ అనలేం, వాన నీళ్లు వాలు కిందకి కొట్టుకొచ్చినవీ ఉంటాయి. అందుకే జట్టులో భూస్వరూపాలు చదివే మనిషి ఉండాల్సిందే.

ఇక చరిత్ర. 1860ల్లో లార్నకాలో అమెరికా కాన్సుల్‌గా వచ్చిన లూయిజీ పాల్మా డి చెస్నోలా వేల సమాధులు తవ్వించి, దొరికిన సరుకుని న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి అమ్మాడు. ఏ వస్తువు ఏ సమాధిలోదో ఇప్పటికీ తేలని స్థితికి అదే కారణం. 1878లో పాలన బ్రిటిష్ వాళ్ల చేతికి వెళ్లింది. 1888లో బ్రిటిష్ పురావస్తు పరిశోధకుడు డేవిడ్ హోగార్త్ ద్వీపం తిరిగి శిథిలాలు, శాసనాలు నమోదు చేశాడు. 1927 నుంచి 1931 వరకు ఐనార్ యెర్స్టాడ్ నాయకత్వంలో స్వీడిష్ బృందం చేసిన తవ్వకాలు ద్వీపం కాలక్రమానికి పునాది వేశాయి. 1935లో పురావస్తు శాఖ ఏర్పడింది.

సర్వేని సర్వేగా మొదలుపెట్టింది 1955లో, ఆ శాఖలోనే, బ్రిటిష్ పురావస్తు పరిశోధకుడు హెక్టర్ క్యాట్లింగ్. బ్రిటిష్ పాలన మీద సాయుధ పోరాటం మొదలైన ఏడాది కూడా అదే. ఊరూరా తిరిగి, తెలిసినవాళ్లని అడిగి, పెంకులు ఏరి, స్థలాల జాబితా కట్టడం ఆ పద్ధతి. ఇప్పటి కొలతల్లో చూస్తే ఖాళీలు చాలానే కనిపిస్తాయి, అయినా నాకు ఆ పని మీద గొప్ప గౌరవం. 1974లో టర్కీ సైన్యం దిగాక ద్వీపం రెండు ముక్కలైంది. ఉత్తరాన మూడో వంతుకి పైగా భూభాగంలో అంతర్జాతీయ బృందాల పని ఆగిపోయింది. ఆ పొలాల గురించి ఏం తెలియాలన్నా తిరిగి వెళ్లాల్సింది ఆనాటి నోటుపుస్తకాలకీ పెంకుల సంచులకే.

ఆ తర్వాత పద్ధతి మారింది. 1970ల్లో గ్రీస్‌లోని మెలోస్ ద్వీపంలో నమూనా పట్టీలు గీసుకుని నడిచారు, 1983–84లో కేయా అనే మరో గ్రీకు ద్వీపం ఉత్తర భాగాన్ని దగ్గరదగ్గరగా నడిచారు. కారులో తిరిగి చూసినదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ స్థలాలు బయటపడ్డాయి. సైప్రస్‌లో పాఫోస్ వైపు 1979 నుంచి కెనడా బృందం, 1992 నుంచి 1997 దాకా ట్రోడోస్ ఉత్తరపు అంచున బెర్నార్డ్ న్యాప్, మైకేల్ గివెన్‌ల సిడ్నీ సైప్రస్ సర్వే ప్రాజెక్ట్ పనిచేశాయి.

మీ డ్రోన్ ప్రశ్నకి జవాబు ఈ రెండో దాంట్లోనే ఉంది. సైప్రస్ అంటే రాగి. కరిగించాక పారబోసిన చిట్టెం ద్వీపం మొత్తం మీద సుమారు 40 లక్షల టన్నులని అంచనా. నల్లటి పెద్ద గుట్టలు దూరం నుంచే కనిపిస్తాయి, కానీ వాటిలో ఎక్కువ భాగం తర్వాతి కాలాలవి. పొలిటికో ఊరి దగ్గర ఫొరాదెస్ అనే చోట ఆ సర్వేకి క్రీ.పూ. 1600 నాటి కొలిమి స్థలం దొరికింది చూడండి, అది వాగు ఒడ్డు కోసుకుపోయిన చోట మట్టి పొరల మధ్య బయటపడింది. పైన ఒండ్రు కప్పేసి ఉంది. అలాంటిదాన్ని పట్టుకోవాలంటే వాగులోకి దిగి ఒడ్డు మట్టిని చదవగలిగిన మనిషి కావాలి.

అలాగని యంత్రాలు వద్దనడం లేదు. గాల్లోంచి లేజర్ కిరణాలతో నేల ఎత్తుపల్లాలు కొలిచే లైడార్ అడవి కింద దాగిన రాతి గోడల్నీ మెట్ల చేలనీ చూపిస్తుంది. డ్రోన్ ఫొటోల్లో పెంకుల్ని కంప్యూటర్‌తో లెక్కించే ప్రయోగాలూ జరుగుతున్నాయి, చదునుగా దున్నిన పొలంలో అవి బాగా ఉపయోగపడతాయి. అయితే ముక్కని చేతిలోకి తీసుకుని తిప్పి, విరిగిన అంచున మట్టి రంగు చూసి, కాలం చెప్పే పని ఇంకా మనిషిదే.

నాకు అసలు టెన్షన్ నేల గురించే. తీరం వెంట హోటళ్లు, విల్లాలు, లోపల సోలార్ ప్లాంట్లు, బుల్డోజర్‌తో సాపు చేసిన మెట్ల చేలు. ఒకసారి తిరగేసిన నేలని ఎవరూ మళ్లీ నడవలేరు. అందుకే భవిష్యత్తు రెండు పనుల్లో ఉందని నా నమ్మకం: మిగిలిన నేలని త్వరగా నడవడం, ఇదివరకు నడిచినవాళ్ల సంచుల్ని మళ్లీ తెరవడం. పాత సేకరణల్లో అప్పట్లో గుర్తుపట్టలేక ‘తెలియదు’ అని పక్కన పెట్టిన కుండల మట్టి రకాల్ని ఇప్పుడు గుర్తుపట్టగలం. గ్రీస్‌లోని ఆంటికిథెరా సర్వేవాళ్లు 2005–07లో ఇరవై చదరపు కిలోమీటర్ల ఆ ద్వీపాన్నంతా నడిచి, తమ డేటాని ఎవరైనా వాడుకునేలా ఆన్‌లైన్‌లో పెట్టారు. అన్ని సర్వేలూ అలా చేయాలి.

వెళ్లే ముందు మ్యాపులు తయారుచేసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ నేర్చుకోండి, ఉచితం, ఇంట్లోనే కుదురుతుంది. దానికంటే ముఖ్యంగా, మీ డిపార్ట్‌మెంట్‌లో భద్రపరిచిన పెంకులతో కొంతకాలం గడపండి, అంచుల బొమ్మలు గీయడం అలవాటు చేసుకోండి. ఫీజు, బస, ఇన్సూరెన్స్ ఎవరు భరిస్తారో రాతపూర్వకంగా అడగండి. పురావస్తు శాఖ పర్మిట్ ఆ సీజన్‌కి వచ్చిందో లేదో కూడా కనుక్కోండి, అది లేకుండా పొలంలో పెంకు ముట్టుకోకూడదు. పొలంలో పని తెల్లారగానే మొదలై మధ్యాహ్నానికి ఆగుతుంది. చీలమండ దాటే బూట్లు కొనండి, అక్కడ విషపు పాములున్నాయి. మధ్యాహ్నం పెంకులు కడిగే డ్యూటీని తప్పించుకోవద్దు, కుండల నిపుణులు పక్కనే కూర్చుని పేర్లు చెప్పేది అప్పుడే.