ఎన్నారై సందేహాలు: మిడిల్ స్కూల్లో చేరబోయే పిల్లలకు లాంగ్వేజ్ ఆర్ట్స్, హిస్టరీ

ఆగస్టులో అమెరికా బడిలో చేరబోయే పిల్లల గురించి అమలాపురం, భీమవరం, తణుకు వైపు తల్లిదండ్రులు ముందుగా అడిగేది లెక్కల సంగతే. లెక్కల్లో మన పిల్లలకు పెద్ద ఇబ్బంది ఉండదండి. చిక్కంతా ఇంగ్లిష్ చదవడం, రాయడం నేర్పే లాంగ్వేజ్ ఆర్ట్స్‌తో, హిస్టరీతో. మన దగ్గర జవాబు సరైనదైతే మార్కులు పడతాయి. అక్కడ ఆ జవాబు పాఠంలో ఏ వాక్యం నుంచి తీశావో కూడా చూపించాలి.

మిడిల్ స్కూల్ అంటే చాలాచోట్ల 6, 7, 8 తరగతులు. హిస్టరీలో ఏం చెబుతారన్నది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. కాలిఫోర్నియాలో ఆరో తరగతికి ప్రాచీన నాగరికతలు, ఏడుకు మధ్యయుగాలు, ఎనిమిదికి అమెరికా చరిత్ర. టెక్సస్‌లో ఏడో తరగతంతా టెక్సస్ చరిత్రే, ఎనిమిదిలో 1877 దాకా అమెరికా చరిత్ర. ఆరులో చేరితే సింధు నాగరికత లాంటివి ఎంతోకొంత తెలిసినవే. ఎనిమిదిలో నేరుగా దిగేవాళ్లకే కష్టం. తోటి పిల్లలు ఐదో తరగతిలోనే ఆ చరిత్ర కొంత చదివి వస్తారు. బయల్దేరేలోగా తేదీలు బట్టీ పట్టించకుండా మూడు సంగతులు కథలా చెప్పండి: 1776లో బ్రిటన్ నుంచి విడిపోతున్నామని ప్రకటించడం, 1787లో రాజ్యాంగం రాసుకోవడం, బానిసత్వం మీద రాష్ట్రాలు చీలి 1861లో యుద్ధానికి దిగడం. ఆ రాజ్యాంగం చిన్నదే, అధికరణలు ఏడే. 1791 నాటి మొదటి పది సవరణలతో కలిపి పెద్దవాళ్లు పక్కన కూర్చుని చదివించవచ్చు.

ఇక రాయడం. క్లెయిమ్ (వాదన), ఎవిడెన్స్ (ఆధారం), రీజనింగ్ (ఆ రెండిటికీ లంకె) అనే మూడు మాటలు రోజూ వినిపిస్తాయి. 'ధవళేశ్వరం ఆనకట్ట డెల్టాను ఎలా మార్చింది?' అని అడిగితే మన పిల్లలు 'కాటన్ దొర అపర భగీరథుడు' అని మొదలుపెట్టి పేజీ అంతా పొగడ్తతో నింపేస్తారు. ఇలా రాయించండి. మొదటి వాక్యం వాదన: ఆనకట్ట వచ్చాక డెల్టా రైతు వాననొక్కదాన్నే నమ్ముకోవాల్సిన అవసరం తగ్గింది. తర్వాత ఆధారం: 1847లో మొదలైన పని 1852లో పూర్తయింది, కాలువలకు గోదావరి నీళ్లు మళ్లాయి. ఇది పాఠంలోని మాటల్లోనే ఉంటే కొటేషన్ గుర్తుల్లో పెట్టాలి. ఆ పైన రెండు వాక్యాల్లో ఆధారానికీ వాదనకీ లంకె: కాలువ వేళకు పారితే వాన వెనకబడినా ఆకుమడి ఎండదు. ఇది చెప్పకపోయినా తెలుస్తుంది కదా అని మన పిల్లలు వదిలేసేది సరిగ్గా ఈ రెండు వాక్యాలనే. మార్కులూ అక్కడే పోతాయి.

గైడ్‌లో వాక్యం ఉన్నదున్నట్టు దించితే ఇక్కడ బాగా చదివినట్టు లెక్క. అక్కడ గుర్తులు పెట్టకుండా దించితే ప్లేజియరిజం అంటారు. సున్నా పడొచ్చు, ఇంటికి కబురూ రావచ్చు. కావాలని చేయని పిల్లాడు ఆ మాట పడితే చాలా కుంగిపోతాడు. దయచేసి ముందే చెప్పండి.

ప్రైమరీ సోర్స్, సెకండరీ సోర్స్ తేడా ఇంట్లోనే నేర్పవచ్చు. 1996 నవంబరు 6 తుఫానును అమ్మమ్మ కళ్లారా చూసి ఉంటే ఆవిడ మాట ప్రైమరీ. తర్వాత ఎవరో రాసిన పాఠం సెకండరీ. అదే అమ్మమ్మ కాటన్ దొర గురించి చెప్పింది మాత్రం ప్రైమరీ కాదు, ఆవిడ ఆ కాలంలో లేరు గనుక. గాలి ఎప్పుడు మొదలైంది, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి, దొడ్లో ఎన్ని కొబ్బరిచెట్లు పడ్డాయి అని పిల్లాడి చేత అడిగించి ఒక పేజీ రాయించండి. ఆ వారం నాటి పేపరు దొరికితే పక్కన పెట్టండి. రెండూ కలవని చోట ఎవరిది తప్పని తేల్చేయకుండా ఎవరు ఎక్కడి నుంచి చూశారు, ఎప్పుడు చెప్పారు, ఎవరి కోసం చెప్పారు అని అడగాలి. హిస్టరీ క్లాసులో నాలుగైదు పత్రాలు చేతికిచ్చి అడిగేవి ఇవే ప్రశ్నలు.

చేర్పించే రోజు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఒక ఫారం ఇస్తారు. తెలుగనే రాయండి. పిల్లాడికి ఇంగ్లిష్ పరీక్ష పెడతారని భయపడి కొందరు ఇంగ్లిష్ అని రాసేస్తారు. దాంతో హక్కుగా అందాల్సిన భాషా సాయం చేజారుతుంది. పరీక్షలో తక్కువ వచ్చి ప్రత్యేక క్లాసు సూచించినా, వద్దనుకుంటే వద్దని చెప్పే హక్కు తల్లిదండ్రులకు ఉంది. బడి మొదలైన వారంలోనే లాంగ్వేజ్ ఆర్ట్స్, హిస్టరీ టీచర్లిద్దరికీ ఈమెయిల్ పెట్టి రుబ్రిక్, అంటే దేనికెన్ని మార్కులు వేస్తారో చూపే పట్టిక, అడిగి తీసుకోండి. పిల్లాడు రాసింది ఇచ్చేముందు దాంతో సరిచూసుకోవచ్చు.