బడికి వెళ్లని అమ్మాయికి ఇంజినీరింగ్ సీటు వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయికి 13 ఏళ్లు. ఐదో తరగతి తర్వాత ఇంట్లోనే చదివిస్తున్నాం. లెక్కలంటే ఇష్టం, ఇంజినీరింగ్ చేస్తానంటోంది. ‘బడి మాన్పించడం నేరం, నలుగురిలో మసలలేదు, రేపు ఏ కాలేజీ వాళ్లూ చేర్చుకోరు’ అని బంధువులు భయపెడుతున్నారు. మేం తప్పు చేశామా? - ఒక తల్లి

జవాబు: మీ బంధువుల మాటల్లో పట్టించుకోవాల్సింది సీటు గురించిన భయం ఒక్కటే. సీటుకు అర్హత వస్తుంది. కానీ కాగితాల పని సమయానికి చేయకపోతే అదే అర్హత చేజారుతుంది. మీరు శ్రద్ధ పెట్టాల్సింది అక్కడ.

ముందు చట్టం సంగతి. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 6-14 ఏళ్ల పిల్లలకు వర్తిస్తుంది. పిల్లల్ని దగ్గర్లోని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని సెక్షన్ 10 చెబుతోంది. చేర్పించని తల్లిదండ్రులకు మాత్రం అందులో శిక్ష లేదు. కాబట్టి ‘నేరం’ అనడం సరికాదు. అలాగని ‘చట్టం అనుమతించింది’ అని కొందరు ధీమాగా చెప్పడమూ సరికాదు, ఇంటి చదువు గురించి ఆ చట్టంలో ప్రస్తావనే లేదు.

నలుగురిలో మసలడం బడితోనే వచ్చేదైతే బడికెళ్లే పిల్లల్లో బిడియస్తులే ఉండకూడదు. వారంలో రెండు మూడు రోజులు అదే జట్టుతో ఆటో, సంగీతమో, గ్రంథాలయమో ఉంటే చాలు. రోజుకో కొత్త ముఖం కన్నా ఏడాది పొడవునా అదే స్నేహబృందం ముఖ్యం. ఇంట్లో చదివే పిల్లలు నిజంగా వెనకబడేది వేరేచోట: గడియారం చూసుకుంటూ మూడు గంటలు కూర్చుని రాయడం. విషయం తెలిసీ పేపరు పూర్తిచేయలేకపోతారు. ఇప్పట్నుంచే వారానికొక రాత పరీక్ష పెట్టండి. దిద్దేది మాత్రం మీరు కాకుండా బయటివారైతే మంచిది. అన్ని సబ్జెక్టులూ తల్లిదండ్రులే బోధించాలన్నదీ అపోహే. ఏది ఎవరి దగ్గర ఎప్పుడు నేర్చుకోవాలో చూసుకోవడం మీ పని.

ఇక సర్టిఫికెట్. జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థ (ఎన్‌ఐఓఎస్) 1989లో మొదలైన జాతీయ బోర్డు. 14 ఏళ్లు నిండితే నేరుగా పదో తరగతికి నమోదు కావచ్చు, కింది తరగతుల టీసీ అవసరం లేదు. కనీసం ఐదు సబ్జెక్టులు, పరీక్షలు ఏప్రిల్-మేలోనూ, అక్టోబరు-నవంబరులోనూ. పదికీ పన్నెండుకూ మధ్య రెండేళ్లు వేసుకోండి. పన్నెండులో ఇంగ్లిష్ (సబ్జెక్టు కోడ్ 302), గణితం (311), ఫిజిక్స్ (312), కెమిస్ట్రీ (313), ఇంకో సబ్జెక్టు తీసుకుంటే ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష జేఈఈకి సరిపోతుంది. అధ్యయన కేంద్రం ఎంచుకునేటప్పుడు దగ్గరగా ఉందా అని కాదు, ల్యాబ్ ఉందా అని అడగండి, ప్రాక్టికల్స్ అక్కడే. ఇంట్లో రాసి పంపే అసైన్‌మెంట్లకు 20 శాతం వెయిటేజీ ఉంటుంది. గడువు దాటించి ఆ మార్కులు పోగొట్టుకునేవాళ్లు చాలామంది.

అసలు చిక్కు ఎక్కడొస్తుందంటే, నమోదు ఐదేళ్లు చెల్లుతుంది, సబ్జెక్టులు విడివిడిగా రాసుకోవచ్చు అన్న సౌలభ్యం దగ్గరే. ఐఐటీల్లో చేరడానికి రాసే జేఈఈ అడ్వాన్స్‌డ్‌కు, పన్నెండో తరగతి పరీక్ష మొదటిసారి రాసింది ఆ ప్రవేశ పరీక్ష రాసే సంవత్సరంలో గానీ, అంతకుముందు సంవత్సరంలో గానీ అయి ఉండాలి. ఫిజిక్స్ ఒక ఏడు, గణితం రెండేళ్ల తర్వాత అని సాగదీస్తే లెక్క తప్పుతుంది. ఫిజిక్స్, కెమిస్ట్రీ, గణితం మూడూ ఒకే విడతలో రాయించండి. ఎన్‌ఐఓఎస్ పాస్ మార్కు 33 శాతమే అయినా ఐఐటీ, ఎన్‌ఐటీ సీటుకు పన్నెండులో 75 శాతం (ఎస్సీ, ఎస్టీలకు 65) లేదా బోర్డులో టాప్ 20 పర్సంటైల్ (ఉత్తీర్ణుల్లో పై 20 శాతం మందిలో చోటు) కావాలి. సార్వత్రిక విద్య అంటే తేలిక అనుకుని ఈ గీత దాటలేకపోయినవాళ్లకు జేఈఈ ర్యాంకు వచ్చినా ఉపయోగం లేదు.

తెలుగు రాష్ట్రాల కాలేజీలైతే స్థానికత కూడా చూస్తారు. బడిలో చదివిన ఆధారం లేనివారు సాధారణంగా నివాసం ద్వారా నిరూపించుకోవాలి. నాలుగేళ్ల నివాసాన్ని చూపే కాగితాలు ఇప్పట్నుంచే దాచి, అవసరమైనప్పుడు తహసీల్దారు కార్యాలయంలో ధ్రువపత్రం తీసుకోండి. నిబంధనలు మారుతుంటాయి, ఆ ఏడాది నోటిఫికేషన్ చదవండి.

ఇంకో వైపు అపోహ కూడా ఉంది: ప్రతిభ ఉంటే సర్టిఫికెట్ దేనికి అని. ఇంట్లో చదివిన ఒక ముంబయి అమ్మాయి అంతర్జాతీయ ఇన్ఫర్మేటిక్స్ ఒలింపియాడ్‌లో (విద్యార్థుల కంప్యూటర్ ప్రోగ్రామింగ్ పోటీ) మూడు పతకాలు గెలిచి, 2016లో అమెరికాలోని ఎంఐటీలో చేరింది. పన్నెండో తరగతి సర్టిఫికెట్ లేనందున ఐఐటీ దారి మాత్రం ఆమెకు మూసుకుపోయింది. అలాంటి పతకాలను నమ్ముకుని పన్నెండు వదిలేయమని ఏ తల్లికీ సలహా ఇవ్వను.

ఈ వారంలోనే చేయగల పని ఒకటుంది. మీ అమ్మాయి జనన ధ్రువపత్రం, ఆధార్ పక్కపక్కన పెట్టి పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం సరిచూడండి. తేడా ఉంటే నమోదుకు ముందే దిద్దించండి. పదో తరగతి సర్టిఫికెట్‌లో పడ్డాక మార్పించడం చాలా కష్టం.