ఇది దిగులా, థైరాయిడా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. నాకు 54 ఏళ్లు. తొమ్మిదేళ్లుగా థైరాయిడ్ తక్కువగా ఉందని 75 మైక్రోగ్రాముల మాత్ర వేసుకుంటున్నాను. మొన్న మాఘమాసంలో మావారు గుండెపోటుతో పోయారు. రోజూ పొద్దున్నే పాల ప్యాకెట్లు తెచ్చి, గ్లాసుడు నీళ్లూ మాత్రా నా చేతికిచ్చేది ఆయనే. ఆ తర్వాతే నేను స్టవ్ వెలిగించేదాన్ని. ఆయన పోయాక కర్మకాండ జరిగినన్నాళ్లూ మాత్ర సంగతే గుర్తు లేదు. తర్వాత గుర్తొచ్చినా ఆ సీసా ముట్టుకోబుద్ధి కాలేదు. ఒక రోజు వేసుకుంటే నాలుగు రోజులు మానేశాను. ఇప్పుడు ఒళ్లంతా బరువు. మంచం దిగాలనిపించదు. ఈ వైశాఖం ఎండల్లో కూడా ఫ్యాను కింద కూర్చుంటే చలేస్తోంది. గొంతు బొంగురుపోయింది, కళ్ల కింద ఉబ్బు, మలబద్ధకం. తల దువ్వితే జుట్టు కుచ్చులుగా వస్తోంది. మా అబ్బాయి బలవంతం మీద పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ 18.6 వచ్చింది. పోయినేడు 2.8 ఉండేది. టౌన్లో డాక్టరు రిపోర్టు చూసి 125 మాత్ర రాశారు. కొన్నాను గానీ మొదలుపెట్టలేదు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదంటే మా ఆడపడుచు తన నిద్రమాత్రలు కొన్ని ఇచ్చింది. రాత్రి భోజనం అయ్యాక కాల్షియం మాత్ర, జుట్టు కోసం మందుల షాపులో ఇచ్చిన బయోటిన్ వేసుకుంటున్నాను. చుట్టాలు 'ఏడ్చి ఏడ్చి థైరాయిడ్ పెంచుకున్నావు' అంటున్నారు. ధనియాల నీళ్లు తాగితే చాలంటున్నారు. నాది దిగులా, థైరాయిడా? 125 వేసుకోమంటారా?

జవాబు: అమ్మా, ముందు 125 సంగతి చెబుతాను. ఆ మాత్ర ఇంకా మొదలుపెట్టలేదన్నారు, మంచిదైంది. రాసిన డాక్టరు గారికి ఫోన్ చేసి ఒక్క మాట చెప్పండి: 'నేను మూడు నెలలుగా 75 సరిగ్గా వేసుకోవడం లేదండీ' అని. మీ ఉత్తరంలో ఈ సంగతి స్పష్టంగా ఉంది. అక్కడ మీరు చెప్పారో లేదో, వారు అడిగారో లేదో నాకు తెలియదు. కానీ ఇది తెలియకుండా ఆ రిపోర్టును చదివితే ఎవరికైనా మోతాదు చాలడం లేదనే అనిపిస్తుంది. మీకు మోతాదు తక్కువ కాలేదమ్మా. మాత్రే ఒంట్లోకి వెళ్లలేదు. పోయినేడు ఇదే 75తో 2.8 వచ్చిందంటే మీ ఒంటికి అది సరిపోయిందన్నమాటే.

టీఎస్‌హెచ్ అనేది థైరాయిడ్ గ్రంథిలో తయారయ్యేది కాదు. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి, రక్తంలో థైరాయిడ్ హార్మోను తగ్గిందని గ్రహించినప్పుడు 'ఇంకా పంపించు' అంటూ విడుదల చేసేది. అందుకే హార్మోను తగ్గితే ఈ అంకె పెరుగుతుంది. మీరు వేసుకునే థైరాక్సిన్ మాత్ర ఒంట్లో చాలా నెమ్మదిగా కరుగుతుంది, సగం కావడానికి దాదాపు వారం పడుతుంది. కాబట్టి ఒక రోజు మరిచిపోతే కొంప మునగదు. మూడు వారాలు పూర్తిగా ఆపేస్తే మాత్రం మందు రూపంలో నిలవున్న హార్మోను ఎనిమిదో వంతుకు పడిపోతుంది. మీకు జరిగింది దాదాపు అదే.

ఇప్పుడు నేరుగా 125 రోజూ వేసుకుంటే ఏమవుతుంది? కొన్ని వారాల్లో హార్మోను అవసరానికి మించిపోవచ్చు. గుండె దడ, చేతుల వణుకు, చెమటలు, నిద్ర లేకపోవడం, ఊరికే కంగారు. అప్పుడు అందరూ అవన్నీ దుఃఖం వల్లే అనుకుంటారు, మీరూ అనుకుంటారు. అలాగే నెలల తరబడి సాగితే మీ వయసులో గుండె లయ తప్పే ప్రమాదం ఉంటుంది, ఎముకలూ గుల్లబారతాయి. అందుకే డాక్టరుతో మాట్లాడి మళ్లీ 75తోనే మొదలుపెట్టే వీలుందేమో అడగండి. నా సలహా అయితే అదే. ఛాతీలో నొప్పి, మెట్లెక్కితే ఆయాసం లాంటివి ఉంటే అవి కూడా చెప్పండి. అప్పుడు ఇంకా తక్కువతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. రెండు సీసాలూ కలిపి వేసుకోవడం, మానేసిన రోజులకు బదులుగా రోజుకు రెండు వేసుకోవడం లాంటివి మాత్రం వద్దే వద్దు.

ఇక మాత్ర వేసుకోబుద్ధి కాకపోవడం గురించి. ఈ ఒక్క వాక్యం దగ్గరే నేను ఎక్కువసేపు ఆగిపోయాను. ఇంత మంది పేషెంట్లను చూస్తాను, మందు మానేశానని చెప్పేటప్పుడు చాలామంది తలదించుకుంటారు. మీరు తలదించుకోవాల్సిన పని లేదు. ఏళ్ల తరబడి ఒక మనిషి చేతి మీదుగా అందుకున్న వస్తువును ఒంటరిగా షెల్ఫ్‌లోంచి తీసుకోవడం సామాన్యమైన పని కాదు. రోజు మొదలయ్యేదే ఆయన లేరన్న మాటతో అయితే చెయ్యి ఎలా ముందుకు వెళ్తుంది? 'బుద్ధి తెచ్చుకుని వేసుకో' అని నేను అనను. పొద్దున్నే వేసుకోవాలన్న నియమాన్నే మార్చేద్దాం.

థైరాక్సిన్ ఖాళీ కడుపున వేసుకోవాలి, నిజమే. కానీ ఖాళీ కడుపు తెల్లవారుజామునే ఉండాలని లేదు. రాత్రి భోజనం చేసిన మూడు గంటల తర్వాత, పడుకోబోయే ముందు వేసుకున్నా అంతే బాగా పనిచేస్తుందని పరిశోధనల్లో తేలింది. మీరు ఏడింటికి తినేసి పదింటికి వేసుకోవచ్చు. కాల్షియం మాత్రం థైరాక్సిన్‌ను పేగుల్లోనే పట్టేసుకుంటుంది, రక్తంలోకి పోనివ్వదు. రెంటికీ మధ్య కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. అందుకని మీ కాల్షియాన్ని మధ్యాహ్నం భోజనానికి మార్చండి. ఐరన్ మాత్రలకూ ఇదే లెక్క. గ్యాస్ మాత్రలు రోజూ వాడుతుంటే అది కూడా డాక్టరుకు చెప్పండి, కొన్నింటి వల్ల థైరాక్సిన్ సరిగ్గా ఒంటపట్టదు. ఏకభుక్తం ఉండే మాసికం రోజైనా, ఉపవాసం ఉన్న రోజైనా నీళ్లతో మాత్ర వేసుకోవాల్సిందే.

పాత సీసా పక్కన పెట్టేయండి. స్టవ్ పక్క షెల్ఫ్‌లో, కోనసీమ తేమలో, నెలల తరబడి మూత తీస్తూ వేస్తూ ఉన్న మాత్రలు బలం తగ్గి ఉండొచ్చు. కొత్త సీసా తెప్పించండి, ఇంతకుముందు వాడిన కంపెనీదే అయితే మేలు. మంచం పక్కన పెట్టుకోండి. వారం రోజుల గళ్లున్న మాత్రల డబ్బా మందుల షాపుల్లో దొరుకుతుంది. ఆదివారం నాడు ఏడు గళ్లూ నింపేస్తే, వేసుకున్నామో లేదో అన్న అనుమానం ఉండదు. మీ అబ్బాయి రాత్రి పదింటికి ఫోన్ చేస్తాడేమో అడగండి. మాత్ర గురించి గుర్తుచేయనక్కర్లేదు, ఊరికే మాట్లాడినా చాలు.

దిగులా, థైరాయిడా అని అడిగారు. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. నీరసం, మతిమరుపు, దేని మీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర తేడా, రెంటిలోనూ ఇవే. అయినా మీరు రాసిన వాటిలో కొన్ని మాత్రం థైరాయిడ్ వైపే చూపిస్తున్నాయి: వైశాఖంలో చలి, బొంగురు గొంతు, కళ్ల కింద ఉబ్బు, మలబద్ధకం. ఇవన్నీ కలిసి దుఃఖంతోనే రావడం మామూలుగా జరగదు. మాత్ర సక్రమంగా పడితే కొన్ని వారాల్లో తగ్గుముఖం పడతాయి. దుఃఖం వేరుగా ఉంటుంది. అది వచ్చిపోతుంటుంది. ఒక పూట ముంచేస్తుంది, ఇంకో పూట మనవడి మాటకు నవ్వొస్తుంది. నవ్వొచ్చినందుకు మళ్లీ బాధేస్తుంది. దానికి మాత్ర లేదు, 75 వేసుకున్నా 125 వేసుకున్నా తగ్గేది కాదు. తగ్గాలని తొందరపడకండి కూడా.

జుట్టుకు రెండు కారణాలూ ఉండొచ్చు. పెద్ద దెబ్బ తగిలిన రెండు, మూడు నెలలకు జుట్టు గుత్తులుగా ఊడటం మామూలే. కుదుళ్లు చచ్చిపోవు కాబట్టి చాలామందికి నెలల్లో మళ్లీ వస్తుంది. బయోటిన్‌తో ఇంకో చిక్కుంది. కొన్ని ల్యాబుల్లో అది థైరాయిడ్ పరీక్ష అంకెలను తారుమారు చేస్తుంది, టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువ చూపించొచ్చు. మళ్లీ పరీక్షకు వెళ్లేముందు కనీసం రెండు రోజులు ఆపేయండి.

ఏడ్చినందుకు థైరాయిడ్ పెరిగిందన్న మాటను మనసులోంచి తీసేయండి. పెద్దవాళ్లలో థైరాయిడ్ మందగించడానికి ఎక్కువగా కారణం మన రోగనిరోధక శక్తే ఆ గ్రంథిని దెబ్బతీయడం. జపాన్ వైద్యుడు హకారు హషిమోటో 1912లో దీన్ని మొదటిసారి వర్ణించారు, ఆయన పేరుతోనే పిలుస్తాం. అది మీకు తొమ్మిదేళ్ల కిందటే వచ్చింది. ఒత్తిడి వల్ల అంకెలు కాస్త అటూ ఇటూ అవుతాయేమో గానీ, 2.8 నుంచి 18.6కి వెళ్లిందంటే నా అనుమానం ముందు ఆగిపోయిన మాత్ర మీదకే పోతుంది. మీరు కన్నీళ్లు ఆపుకోవాల్సిన అవసరం వైద్యపరంగా ఎక్కడా లేదు. ధనియాల నీళ్లు ఇష్టమైతే పొద్దున్న తాగండి. దానివల్ల హార్మోను రాదు.

మీ ఆడపడుచు ప్రేమతోనే ఇచ్చి ఉంటారు, అయినా ఆ నిద్రమాత్రలు తిరిగి ఇచ్చేయండి. థైరాయిడ్ బాగా తక్కువగా ఉన్నప్పుడు ఒళ్లు మత్తుమందులను మామూలు వేగంతో వదిలించుకోలేదు. ఊపిరి మందగించే ప్రమాదం ఉంది, అలవాటైతే మానడం కష్టం. ఎవరైనా మిమ్మల్ని లేపినా లేవలేనంత మత్తుగా, ఒళ్లు చల్లబడి, మాట తడబడుతూ కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అరుదే, కానీ ఇంట్లోవాళ్లకు తెలిసి ఉండాలి.

మాత్ర సరిగ్గా పడుతున్నా కూడా, బతకాలనిపించకపోవడం, అన్నం ముట్టకపోవడం, రోజంతా గదిలోనే ఉండిపోవడం జరుగుతుంటే మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లండి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకండి. టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన సేవ, డబ్బులేమీ అడగరు.

రోజూ మాత్ర వేసుకోవడం మొదలుపెట్టిన ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత అదే ల్యాబులో టీఎస్‌హెచ్ చేయించండి. అంతకుముందే చేయిస్తే అంకె ఇంకా కుదురుకోక మళ్లీ మోతాదు మార్చే తికమక వస్తుంది. అప్పటికీ ఎక్కువే ఉంటే మోతాదు పెంచే మాట అప్పుడు ఆలోచిద్దాం. ఆ రిపోర్టు, పోయినేటి రిపోర్టు, ఈ 18.6 రిపోర్టు మూడింటి జిరాక్సులూ జతచేసి నాకు మళ్లీ రాయండి. రాత్రి మాత్ర ఎన్ని రోజులు తప్పిందో కూడా రాయండి, దాచుకోకండి.